సగటు వెనక ఎవరున్నారు? బేగంపేటలో లెక్కలు వేసేవాళ్ళ కథ

(క్యారీ తెలుగు కమ్యూనిటీ రేడియోలో ఆదివారం ఉదయం ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)

 

కిందటిసారి కార్యక్రమం చివర్లో ఒక పెద్దాయన ఫోన్ చేశారు. కొడుకు దగ్గర ఉండటానికి వచ్చిన వారు. "బాబూ, గచ్చిబౌలి వైపు వెళ్ళి చూస్తే మీ రాలీ డౌన్‌టౌన్ చిన్నబోతుంది. అయినా పేపరు తెరిస్తే పేదరికం, అసమానతలు అంటూ ఏవో అంకెలు రాస్తూనే ఉంటారు. అసలు ఈ లెక్కలు ఎవరు వేస్తారు? ఏసీ గదిలో కూర్చుని వేస్తారా?" అని అడిగారు. సమయం అయిపోవడంతో అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఈ వారం ఆ పని నామీద పెట్టారు.

ముందే మనవి చేస్తున్నాను, నేను ఆర్థికవేత్తను కాను. ఎమ్మెస్ చేసింది కంప్యూటర్లలో, చేస్తున్నది ఐటీ కన్సల్టింగు. అయితే నా ఉద్యోగంలో సగం పని అంకెలు చూసి, వాటి వెనక ఏం జరుగుతోందో వెతకడమే. పైగా నేను మహబూబ్‌నగర్ జిల్లావాణ్ణి. మా జిల్లా పేరు ఈ లెక్కల్లో తరచుగా వస్తుంది, అదీ అడుగున వస్తుంది. అందుకని చాలాకాలంగా ఈ నివేదికలు చదువుతున్నాను. ఆ చదివినదాన్నే మీతో పంచుకుంటాను.

సగటుతో వచ్చే చిక్కు

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. సర్వరు డాష్‌బోర్డు మీద సగటు స్పందన సమయం బ్రహ్మాండంగా ఉంటుంది, అంతా పచ్చరంగే. కింద హెల్ప్‌డెస్కులో మాత్రం ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఎందుకంటే వందలో తొంభైమందికి పేజీ చిటికెలో తెరుచుకుంటోంది, మిగతా పదిమందికి అసలు తెరుచుకోవడం లేదు. సగటు చూస్తే ఆ పదిమంది కనపడరు. అందుకే మేం అన్నిటికంటే ఆలస్యమైన ఆ కొసనున్న అయిదు శాతం ఎవరా అని విడిగా చూస్తాం.

ఇంకో ఉదాహరణ చెబుతాను. మన ఉగాది ఫంక్షన్ జరిగే హాల్లోకి సాస్ కంపెనీ అధిపతి జిమ్ గుడ్‌నైట్ గారు ఒక్కరు అడుగుపెట్టారనుకోండి. ఆ క్షణంలో హాల్లో ఉన్నవాళ్ళ సగటు సంపద కోట్ల డాలర్లకు చేరుతుంది. మీ ఇంటి మార్ట్‌గేజీ మాత్రం ఒక్క డాలరు కూడా తగ్గదు.

దేశాల లెక్కా, రాష్ట్రాల లెక్కా ఇలాంటిదే. తలసరి ఆదాయం పెరిగిందంటే అందరి తలా పెరిగిందని కాదు. వృద్ధి ఎంత అన్నది మొదటి ప్రశ్న. అది ఎవరికి అందింది, ఎవరు గడప బయటే ఉండిపోయారు, వాళ్ళు లోపలికి రావడానికి ఏది అడ్డుపడుతోంది అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. ఈ తర్వాతి ప్రశ్నలకు కూడా జవాబు చెప్పగలిగిన ఎదుగుదలను సమ్మిళిత వృద్ధి అంటున్నారు. 2007 నుంచి 2012 వరకు నడిచిన భారతదేశపు పదకొండో పంచవర్ష ప్రణాళికలో ఈ మాట ప్రధాన నినాదం అయింది. కాని మాట చలామణిలోకి రాకముందే ఆ పని చేస్తున్నవాళ్ళు మన హైదరాబాదులో ఉన్నారు.

నక్షత్రాల ఆవరణలో

బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ అని ఒక పాత ఆవరణ ఉంది. నవాబ్ జాఫర్ జంగ్ అనే పెద్దమనిషి 1901లో నెలకొల్పిన నక్షత్రశాల అది. తర్వాత నిజాం ప్రభుత్వం చేతికి, అక్కడినుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ప్రపంచదేశాలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని నక్షత్రాల పట్టిక తయారుచేస్తున్నప్పుడు, హైదరాబాదు వాటాకు వచ్చిన ముక్కలో లక్షల నక్షత్రాలను కొలిచి నమోదు చేసింది ఇక్కడివాళ్ళే.

ఆ ఆవరణలోనే ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉంది. ఇంగ్లీషు పొడి అక్షరాలతో అందరూ సెస్ అంటారు. పన్ను మీద వేసే సెస్ కాదండోయ్! ఇది 1980లో పుట్టింది. 1986లో భారత సామాజికశాస్త్ర పరిశోధన మండలి దీన్ని తన జాతీయ స్థాయి పరిశోధనా సంస్థల్లో ఒకటిగా గుర్తించింది. అమెరికా భాషలో చెప్పాలంటే థింక్ ట్యాంక్. వాషింగ్టన్‌లో ఈ పేరుతో ఉన్న సంస్థల్ని చూసి ఒక ఊహ ఏర్పరచుకున్నవాళ్ళకి ఇది చాలా చిన్నదిగా కనిపిస్తుంది. టీవీల్లో వాదించే పనికంటే ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే పని ఇక్కడ ఎక్కువ.

పెద్దాయన అడిగిన ఏసీ గది ప్రశ్నకు ఇదే జవాబు. గది ఉంది, కంప్యూటరూ ఉంది. కాని గదిలోకి వచ్చే అంకె ముందు ఎవరో ఒకరి అరుగు మీద పుడుతుంది. ఒక యువకుడో యువతో కాగితాల కట్టతో ఊరికి వెళతారు. జాబితాలో వచ్చిన ఇల్లు పట్టుకోవాలి, నచ్చిన ఇంటికి వెళ్ళకూడదు. ఇంటావిడ పొలానికి పోతే సాయంత్రం దాకా కూర్చోవాలి. కిందటి వారం బియ్యం ఎంత వండారు, పప్పు ఎంత కొన్నారు, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, వడ్డీ ఎంత అని ఒక్కొక్కటీ అడగాలి. పరాయివాడికి ఎవరు చెబుతారండీ అప్పుల సంగతి? అక్కడే ఉంది వాళ్ళ నేర్పు.

వెనకున్న మనుషులు

ఇప్పుడు కొందరి పేర్లు చెప్పుకుందాం. అందరి పేర్లూ చెప్పడం ఈ కాస్త సమయంలో కుదరదు. నలుగురి గురించి చెబుతాను. నలుగురూ నాలుగు దారుల్లో ఈ ప్రశ్న దగ్గరికి చేరినవాళ్ళు.

మొదటివారు బి.పి.ఆర్. విఠల్ గారు. ఐ.ఎ.ఎస్. అధికారి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక, ప్రణాళికా శాఖలను ఏళ్ళ తరబడి చూశారు. సెస్ పుట్టుకలో ముందు నిలిచినవారిలో ఒకరు. తర్వాత పదో ఆర్థిక సంఘంలో సభ్యులయ్యారు. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత వాటా ఇవ్వాలో చెప్పే సంఘం అది. మన్మోహన్ సింగ్ గారి దగ్గర మీడియా సలహాదారుగా పనిచేసిన సంజయ బారు వీరి అబ్బాయే. విఠల్ గారు 2020లో కన్నుమూశారు. ఖజానా తాళంచెవి చేతిలో ఉన్న మనిషి, ఖజానా ఖర్చు ఎవరికి చేరిందో బయటినుంచి లెక్కగట్టే సంస్థ ఒకటి ఉండాలని పూనుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మన భాషలో చెప్పాలంటే, కోడ్ రాసిన మేనేజరే టెస్టింగు టీమును వేరుగా పెట్టించడంలాంటిది.

రెండోవారు సి.హెచ్. హనుమంతరావు గారు. 1929లో పుట్టారు. తెలంగాణ నేల మీద పెరిగి, యౌవనంలో కమ్యూనిస్టు ఆలోచనలతో నడిచి, ఆ తర్వాత నెహ్రూ తరహా సోషలిజం వైపు వచ్చారు. ఆయన జ్ఞాపకాల పుస్తకం పేరే ఈ ప్రయాణాన్ని చెబుతుంది. ఆ పేరులోనే సమ్మిళిత వృద్ధి అన్న మాటా ఉంది. ఢిల్లీలో పరిశోధకుడిగా ఉన్నప్పుడు, హరిత విప్లవం పంటను పెంచిందని దేశమంతా సంబరపడుతున్న రోజుల్లో, ఆ లాభం ఎవరెవరికి ఎంతెంత పంచుకుపోయింది అని అడుగుతూ 1975లో ఒక పుస్తకం రాశారు. ట్రాక్టరు వస్తే ఎవరికి లాభం, కూలీకి పని పెరుగుతుందా తగ్గుతుందా, చిన్నరైతు ఎరువు కొనగలడా, ఇలాంటి ప్రశ్నలు. తర్వాత ప్రణాళికా సంఘం సభ్యులయ్యారు. సెస్‌కు చాలాకాలం అధ్యక్షులుగా ఉన్నారు. 2004లో పద్మభూషణ్ వచ్చింది.

హనుమంతరావు గారి పని మా జిల్లా చెలకల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. కరువు ప్రాంతాల పథకాలు ఎందుకు ఫలించడం లేదో చూడమని కేంద్రం వేసిన సంఘానికి ఆయన అధ్యక్షులు. 1994లో నివేదిక ఇచ్చారు. శాఖకో పని చొప్పున ముక్కలు ముక్కలుగా చేయడం మానేసి, ఒక వాన నీరు ఎక్కడ పడి ఎక్కడికి పారుతుందో ఆ మేరను ఒక యూనిట్‌గా, సుమారు 500 హెక్టార్లుగా తీసుకుని, ఆ ఊరి జనం కమిటీ చేతికే పని అప్పజెప్పాలి అన్నది అందులో సారాంశం. 1995 నుంచి దేశమంతా అమలైన వాటర్‌షెడ్ మార్గదర్శకాలకు అదే పునాది. మీ ఊళ్ళో చెక్‌డ్యాములూ, పొలాల మధ్య రాతికట్టలూ చూసుంటే, వాటిలో కొన్ని ఆ కాగితం నుంచి వచ్చినవే.

మూడోవారు రొక్కం రాధాకృష్ణ గారు. 1980ల నడుమ నుంచి కొన్నేళ్ళపాటు సెస్ డైరెక్టరు. తర్వాత ఆంధ్రా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా, ముంబాయిలోని ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ డైరెక్టరుగా పనిచేశారు. ఆహారం, రేషను, పేదరికం ఆయన రంగం. ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం మనందరికీ తెలుసు. ఆ బియ్యం ఎవరి కుండలోకి ఎంత వెళ్ళింది, ప్రభుత్వానికి ఎంత ఖర్చయింది అని లెక్కగట్టిన వాళ్ళలో ఈయన ముఖ్యులు. మంచి పథకమా చెడ్డ పథకమా అని ఒక్క మాటలో తేల్చమంటే ఈ కోవకు చెందినవాళ్ళు తేల్చరు. ఎవరికి మంచిది, ఎంత ఖర్చుకు మంచిది అని అడుగుతారు.

2003లో జాతీయ నమూనా సర్వేలో ఒక అంకె బయటపడింది. దేశంలో అప్పుల్లో ఉన్న రైతు కుటుంబాలు నూటికి దాదాపు 49 అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 82. రాష్ట్రాలన్నిటిలో మనదే మొదటిస్థానం. రైతుల ఆత్మహత్యల వార్తలు రోజూ వస్తున్న కాలం అది. వ్యవసాయ రుణభారం మీద కేంద్రం నియమించిన నిపుణుల బృందానికి రాధాకృష్ణ గారే అధ్యక్షులు. 2007లో వచ్చిన ఆ నివేదిక రైతు అప్పును ఒక్క బ్యాంకు సమస్యగా చూడలేదు. నీళ్ళు, ధర, విత్తనం, వడ్డీవ్యాపారి అన్నీ కలిసి రైతును ఎలా బిగిస్తున్నాయో చూసింది.

నాలుగోవారు ఎస్. మహేంద్రదేవ్ గారు. 1999 నుంచి 2008 దాకా సెస్ డైరెక్టరు. సమ్మిళిత వృద్ధి అన్న పేరుతోనే వ్యవసాయం, పేదరికం, మానవాభివృద్ధి మీద ఒక పుస్తకం రాశారు. ఆ తర్వాత పంటలకు మద్దతు ధరలు సిఫారసు చేసే కమిషన్‌కు అధ్యక్షులయ్యారు, ముంబాయి సంస్థను పన్నెండేళ్ళు నడిపారు, 2025లో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలికి అధ్యక్షులుగా నియమితులయ్యారు. ఆయన, సెస్‌లో సహచరుడు సి. రవి కలిసి 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. 1983 నుంచి 2005 వరకు పేదరికం లెక్కలు అందులో ఉన్నాయి. సంస్కరణల తర్వాత పేదరికం తగ్గింది, నిజమే. కాని అంతకుముందు పదేళ్ళలో తగ్గినదానికంటే వేగంగా తగ్గలేదు. అదే సమయంలో అసమానత బాగా పెరిగింది. అంటే బండి వేగం పెంచాం, కాని చక్రానికి రాపిడి కూడా పెరిగింది. పెంచిన వేగంలో కొంత ఆ రాపిడికే పోయింది.

ఒకే రాష్ట్రం, రెండు చిత్రాలు

మనలో చాలామంది, లేదా మన అన్నలూ బాబాయిలూ, అమెరికా విమానం ఎక్కిన కాలాన్ని గుర్తుచేసుకోండి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. హైదరాబాదు పేరు ప్రపంచమంతా వినిపించింది. అదంతా నిజం. మనం ఇక్కడ కూర్చుని మాట్లాడుకుంటున్నామంటే అందులో ఆ రోజుల పాత్ర ఉంది.

అదే కాలానికి రెండో చిత్రం చూడండి. జాతీయ మానవాభివృద్ధి నివేదికలో పదిహేను పెద్ద రాష్ట్రాల వరసలో ఆంధ్రప్రదేశ్ 1981లో తొమ్మిదోది. 2001లో పదోది. ఇరవై ఏళ్ళు గడిచాక ఒక మెట్టు దిగింది! 2001 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో అక్షరాస్యత 60 శాతం చిల్లర, దేశం సగటు దాదాపు 65. హైదరాబాదులో 79 శాతం దగ్గర ఉంటే మా మహబూబ్‌నగర్‌లో 44. రెండింటి మధ్య బస్సులో రెండున్నర గంటల ప్రయాణం.

ఈ తేడాలను జిల్లా జిల్లాకూ విడదీసి చూపించిన పుస్తకం 2007 ఆంధ్రప్రదేశ్ మానవాభివృద్ధి నివేదిక. రాష్ట్ర ప్రభుత్వం కోసం దాన్ని తయారుచేసింది సెస్సే. అందులో పైన హైదరాబాదు ఉంటే, అడుగు వరసలో మహబూబ్‌నగర్, విజయనగరం లాంటి జిల్లాలున్నాయి. వెనకబాటు ఒక ప్రాంతం సొత్తు కాదని ఈ రెండు పేర్లే చెబుతాయి. 2014లో రాష్ట్రం రెండయింది, జిల్లాలు ముక్కలయ్యాయి. కాని లెక్క అడిగే పద్ధతి పాతబడలేదు. రెండు రాష్ట్రాలకూ అది అవసరమే.

మూడువేల మంది పిల్లలు

ఈ సంస్థ పాలుపంచుకున్న పనుల్లో నన్ను బాగా కదిలించింది యంగ్ లైవ్స్ అనే అధ్యయనం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపినది. ఇథియోపియా, పెరు, వియత్నాం, భారతదేశం, ఈ నాలుగు దేశాల్లో 12 వేల మంది పిల్లల్ని ఎంచుకుని, వాళ్ళు పెరుగుతుంటే ఏళ్ళ తరబడి వెంట నడవడం. భారతదేశం అంటే ఇక్కడ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదుల నుంచి సుమారు 3 వేల మంది పిల్లలు. ఇక్కడి పరిశోధన భాగస్వామి సెస్.

ఆ పిల్లల్లో రెండు వేలమంది 2001-02 ప్రాంతంలో పుట్టినవాళ్ళు. వెయ్యిమంది 1994-95లో పుట్టినవాళ్ళు. 2002లో మొదటిసారి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళారు. మళ్ళీ 2006లో, 2009లో, 2013లో, 2016లో. కుటుంబం వలసపోతే వెతుక్కుంటూ వెళ్ళారు. పదిహేనేళ్ళ తర్వాత కూడా పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకోగలిగారంటే ఆ ఓపికకు దండం పెట్టాలి. మన క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో అంతమంది దొరకరు!

దీనివల్ల ఏం తెలిసింది? రెండు సంగతులు చెబుతాను.

ఒకటి, మధ్యాహ్న భోజనం. మన రాష్ట్రంలో ప్రభుత్వ బళ్ళలో వండిపెట్టడం 2003లో మొదలైంది. పసితనంలో కరువు దెబ్బ తగిలిన పిల్లలు బరువులో, ఎత్తులో వెనకబడతారు. ఆ పిల్లలు బడికి వచ్చి ఆ ఒక్కపూట భోజనం తిన్నప్పుడు, కరువు వల్ల పోగొట్టుకున్నది చాలావరకు తిరిగి పొందారని ఈ సమాచారం మీద పనిచేసిన పరిశోధకులు చూపించారు. అన్నం సాంబారు పెట్టడమూ ఒక అభివృద్ధేనా అని వెక్కిరించేవాళ్ళకు ఇది జవాబు. ఒకే పిల్లవాణ్ణి మళ్ళీ మళ్ళీ కొలవకపోతే ఈ సంగతి తెలిసేదే కాదు.

రెండోది, బడి. 2002లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 24 శాతం ప్రైవేటు బడికి వెళ్తుంటే, 2009 నాటి ఎనిమిదేళ్ళ పిల్లల్లో 44 శాతం వెళ్తున్నారు. ఏడేళ్ళలో ఇంత మార్పు. కాని ఆ ఫీజు ఎవరికోసం కట్టారు? ఆడపిల్లలకంటే మగపిల్లలకోసం ఎక్కువ కట్టారు. ఒకే ఇంట్లో, ఒకే సంపాదనలో.

ఈ రెండో సంగతి దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. 1994-95 పిల్లలంటే ఇంచుమించు నా ఈడువాళ్ళు. నాన్న నన్ను టౌనులో ఇంగ్లీషు మీడియంలో వేశాడు. బస్సు ఫీజుతో సహా కట్టాడు. అక్క ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లోనే ఉంది. లెక్కల్లో తను నాకంటే ముందు. పదో తరగతిలో నాకు త్రికోణమితి వచ్చిందంటే అది అక్క చెప్పినదే. ఇవాళ నేను క్యారీలో ఉన్నాను, అక్క వనపర్తి దగ్గర కిరాణా కొట్టు నడుపుతోంది, కొట్టు లెక్కలు కాలిక్యులేటరు లేకుండా చూస్తుంది. మా నాన్న చెడ్డవాడు కాదు. ఉన్న డబ్బు ఒక్కరికే సరిపోతుంది అనుకున్నాడు, ఆ ఒక్కరు కొడుకు అనుకున్నాడు. ఊళ్ళో అందరూ అలాగే అనుకున్నారు. మా ఇంటి సగటు చదువు బాగానే ఉంటుందండీ. విడదీసి చూస్తేనే అక్క కనిపిస్తుంది.

ఇది మన ఊరి సంగతి మాత్రమేనా?

ఇక్కడికొస్తే, నార్త్ కరోలినాకూ ఇదే కథ ఉంది. 1970లో క్యారీ జనాభా ఎనిమిది వేలకు లోపు. 2020లో లక్షా 74 వేలు. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు పుణ్యం. మనలాంటి వాళ్ళ రాకతో ఈ ఊరు ఎలా మారిందో గుళ్ళూ, కిరాణా కొట్లూ చూస్తేనే తెలుస్తుంది. కాని 2003 జులైలో ఇక్కడికి రెండున్నర గంటల దూరంలో, కన్నాపొలిస్ ప్రాంతంలో పిల్లోటెక్స్ బట్టల మిల్లులు మూతపడి, ఈ రాష్ట్రంలో ఒక్కరోజున 4 వేలమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. పొగాకు, బట్టలు, ఫర్నిచరు మీద బతికిన ఊళ్ళు ఒక్కొక్కటే వాడిపోతుంటే మన ఊరు పూస్తూ వచ్చింది.

ఇక్కడ కూడా ఆ ప్రశ్న అడిగినవాళ్ళున్నారు. 1963లో గవర్నరు టెర్రీ శాన్‌ఫర్డ్ పేదరికం మీద పోరాటానికి నార్త్ కరోలినా ఫండ్ అని ఒకటి పెట్టారు. అందులోంచి 1967లో డర్హమ్ ప్రాంతంలో ఎం.డి.సి. అనే సంస్థ పుట్టింది. పొలంపని పోయి ఫ్యాక్టరీ పని వస్తున్నప్పుడు, నల్లవారికీ తెల్లవారికీ కలిపి కొలువులు తెరుచుకుంటున్నప్పుడు ఎవరూ వెనకబడిపోకుండా చూడటం వాళ్ళ పని. 1986లో వాళ్ళ నివేదిక ఒకటి, ఎండ బాగా కాస్తోందని పొగిడే దక్షిణాది రాష్ట్రాల్లో పల్లెలు నీడలో ఉండిపోయాయని చెప్పింది. 2014లో రాజ్ చెట్టి బృందం అమెరికాలో 50 పెద్ద నగర ప్రాంతాలను పోల్చి చూస్తే, బీద ఇంట పుట్టిన బిడ్డ పైమెట్టుకు చేరే అవకాశం అన్నిటికంటే తక్కువగా ఉన్నది మన షార్లెట్‌లో. నూటికి 4.4 మాత్రమే. బ్యాంకుల నగరం! అక్కడ కూడా సగటు బాగానే ఉంది మరి.

పొగడ్త ఒక్కటే కాదు

ఇలాంటి సంస్థల్లో లోపాలు లేవా? ఉన్నాయి, చెప్పుకోవాలి. సెస్‌లాంటి చోట్ల డబ్బు ఎక్కువగా ప్రభుత్వాల నుంచే వస్తుంది. ఈ కుర్చీలోంచి ప్రభుత్వ కమిటీలోకి, అక్కడినుంచి మళ్ళీ ఇక్కడికి మనుషులు తిరుగుతుంటారు. దానివల్ల వాళ్ళ మాటకు విలువ వస్తుంది. అదే కారణంగా గట్టిగా మాట్లాడాల్సిన చోట గొంతు తగ్గే ప్రమాదమూ ఉంది. చదివేవాళ్ళం ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి.

నాకు ఎక్కువ బాధగా ఉండేది ఇంకొకటి. ప్రశ్నలు తెలుగులో అడుగుతారు, జవాబులు ఎక్కువగా ఇంగ్లీషులో అచ్చవుతాయి. అరుగు మీద కూర్చుని రెండు గంటలు అప్పుల సంగతి చెప్పిన ఆవిడకు, తను చెప్పింది ఏమయిందో తెలిసే దారి తక్కువ. ఇక్కడ పుట్టి రెండు భాషలూ చదివే మన పిల్లలు, సెలవుల్లో ఒక నివేదికలోని నాలుగు పేజీలు తెలుగు చేసి ఊరికి పంపితే ఎంత బాగుంటుందో!

మనం చేయగలిగింది

చివరగా మన సంగతి. మనం ఊళ్ళకు డబ్బు పంపుతాం. బడికి గది, గుడికి ప్రాకారం, ఊరి మొదట్లో ఆర్చి. ఇచ్చే మనసు మనవాళ్ళకు ఉంది, అందులో సందేహం లేదు. ఆ ఇచ్చే ముందు ఈ బేగంపేటవాళ్ళ దగ్గర మూడు ప్రశ్నలు అరువు తెచ్చుకోమని నా మనవి. ఇది ఎవరికి అందుతుంది? అందనివాళ్ళు ఎవరు? వాళ్ళకు అడ్డుపడుతున్నది ఏమిటి?

మా మండలం నుంచి ఇక్కడికి వచ్చిన ఎనిమిది కుటుంబాలం ఈ ఏడాది కొంత డబ్బు పోగుచేశాం. సగంమంది మేం చదువుకున్న ప్రైవేటు బడికి డిజిటల్ క్లాస్‌రూమ్ పెట్టిద్దాం అంటున్నారు. మిగతా సగం ఊరి హైస్కూలుకు ఇద్దాం అంటున్నారు. వాదన గట్టిగానే నడుస్తోంది, పాట్‌లక్కుల్లో పులిహోర చల్లారిపోయేదాకా. నేను ఒక్కటే అడిగాను. ముందు రెండు బళ్ళలోనూ ఆడపిల్లలెంతమంది, మగపిల్లలెంతమంది, ఎనిమిదో తరగతి తర్వాత ఎవరు మానేస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు, ఇది తెలుసుకుందాం. ఆ తర్వాత చెక్కు రాద్దాం.

లెక్క తీసే పనికి మా అక్క ఒప్పుకుంది. పొద్దున్న కొట్టు తెరవకముందు బడికి వెళ్ళి, హెడ్‌మాస్టరు గారి అనుమతితో తరగతి తరగతికీ రిజిస్టరు చూసి రాస్తోంది. మానేసిన పిల్లల ఇళ్ళకు సాయంత్రాలు వెళ్తోంది. రెండు తరగతుల వివరాలు వచ్చాయి, ఇంకా మూడు రావాలి. డబ్బు ఎటు వెళ్తుందో మాకే ఇంకా తెలియదు.

మీ ఊరి గురించి మీరు ఇలాంటి లెక్క ఎప్పుడైనా తీసుంటే, వచ్చే వారం కార్యక్రమంలో ఫోన్ చేసి చెప్పండి.